తేలని హత్యలు, మళ్లీ తెరిచిన కోర్టులు

1914 జనవరి 7న లండన్ కోవెంట్ గార్డెన్‌లోని కింగ్స్ హాల్లో ఒక హత్య కేసు విచారణ జరిగింది. ముద్దాయి జాన్ జాస్పర్. హతుడు ఎడ్విన్ డ్రూడ్. ఇద్దరూ నవలలో పాత్రలే. చార్లెస్ డికెన్స్ 1870లో ఆ నవల పూర్తి చేయకుండానే కన్నుమూయడంతో హంతకుడెవరో తేలకుండా కథ మధ్యలో ఆగిపోయింది. డికెన్స్ అభిమాన సంఘం ఏర్పాటు చేసిన ఆ కోర్టులో జి.కె. చెస్టర్టన్ జడ్జి, జార్జి బెర్నార్డ్ షా జ్యూరీ పెద్ద. రెండు పక్షాల వాళ్లూ నవలను క్షుణ్ణంగా చదువుకొచ్చి గంటల తరబడి వాదించారు. తీరా చివర్లో షా లేచి, మేం ముందే తీర్పు అనుకున్నాం, ఇది హత్య కిందికి రాని నరహత్య అని ప్రకటించాడు. చెస్టర్టన్ తనను తప్ప అందరినీ కోర్టు ధిక్కారం కింద దోషులుగా తేల్చి సభ ముగించాడు.

అక్కడ చచ్చిపోయింది కాగితం మీది మనిషి. అందుకే ఆ సరదా ఎవరికీ తప్పుగా తోచలేదు. అదే పద్ధతిలో నిజంగా జరిగిన హత్యలను, నిజంగా బతికిన మనుషులను మాక్ ట్రయల్ పేరుతో వేదిక ఎక్కించడం ఇంగ్లండ్, స్కాట్లండ్, అమెరికాల్లో తర్వాత తర్వాత మామూలైంది. 1892లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఫాల్ రివర్‌లో తండ్రినీ సవతి తల్లినీ గొడ్డలితో నరికిందన్న ఆరోపణపై విచారణ ఎదుర్కొని, 1893లో నిర్దోషిగా బయటపడ్డ లిజీ బోర్డెన్ కేసును 1997లో స్టాన్‌ఫర్డ్ లా స్కూల్లో మళ్లీ నడిపారు. సుప్రీంకోర్టు న్యాయమూర్తులు విలియం రెన్‌క్విస్ట్, శాండ్రా డే ఓకానర్ స్వయంగా బెంచి మీద కూర్చున్నారు. అక్కడా ఆమెను నిర్దోషి అనే అన్నారు.

విక్టోరియా రాణి ఏలుబడి 1837 నుంచి 1901 దాకా. నాటకానికి ఆ కాలపు కేసులే ఎందుకు ఇంతగా కుదురుతాయి? పొగమంచు, గుర్రబ్బండ్లు, గ్యాస్ దీపాలు అని చాలామంది చెప్పే జవాబు నాకు తృప్తినివ్వదు. అసలు కారణం సాక్ష్యాల్లో ఉంది. స్కాట్లండ్ యార్డులో వేలిముద్రల విభాగం మొదలైంది 1901లో. నెత్తురు మరక మనిషిదా జంతువుదా తేల్చే పరీక్ష కూడా ఆ సంవత్సరమే వచ్చింది. అంతకు ముందు ఒక్క విషాల విషయంలో తప్ప ప్రయోగశాల చెప్పగలిగింది తక్కువ. కేసంతా మనుషుల నోటి మాట మీద నడిచేది. పనిమనిషి ఏం చూసింది, పొరుగువాడు ఏం విన్నాడు, డాక్టరు ఎన్ని గంటలకు వచ్చాడు. పైగా అనుమానాస్పద మరణాలపై జరిగే కరోనర్ విచారణల్లో సాక్షులు చెప్పిన మాటలను పత్రికలు దాదాపు పూర్తిగా అచ్చువేసేవి. అంటే నాటకానికి కావలసిన సంభాషణ సిద్ధంగా దొరుకుతుంది. సాక్షి నిలబడి చెప్పింది విని, నమ్మాలో వద్దో ప్రేక్షకుడు తేల్చుకోవచ్చు.

ఈ అవకాశాన్ని ఇప్పటిదాకా ఎలా వాడుకున్నారన్నదే నా ప్రశ్న. అన్నిటికంటే ఎక్కువగా వేదిక ఎక్కిన కేసే అన్నిటికంటే తక్కువగా ఒప్పించింది. అది 1888 నాటి వైట్‌చాపెల్ హత్యలు, అంటే జాక్ ది రిప్పర్ కేసు.

ఆగస్టు 31 నుంచి నవంబరు 9 లోపు తూర్పు లండన్‌లో ఐదుగురు స్త్రీలు ఒకే చేతిలో హతమయ్యారని ఎక్కువమంది ఒప్పుకుంటారు. మేరీ ఆన్ నికోల్స్, ఆనీ చాప్‌మన్, ఎలిజబెత్ స్ట్రైడ్, కేథరిన్ ఎడోస్, మేరీ జేన్ కెల్లీ. ఎవరి మీదా ఎప్పుడూ కేసు నడవలేదు. కాబట్టి ఇక్కడ మాక్ ట్రయల్ పెట్టాలంటే ముద్దాయిని మనమే వెతికి తెచ్చుకోవాలి. చాలామంది సర్ మెల్విల్ మెక్‌నాటెన్ 1894లో రాసిన నివేదికను ఆధారం చేసుకుంటారు. అందులో మూడు పేర్లున్నాయి: డ్రూయిట్, కోస్మిన్‌స్కీ, ఆస్ట్రోగ్. పెద్ద పోలీసు అధికారి రాశాడు కదా అని ప్రేక్షకులు నమ్మేస్తారు. కానీ మెక్‌నాటెన్ పోలీసు శాఖలో చేరిందే 1889లో, హత్యలన్నీ అయిపోయాక. డ్రూయిట్ డాక్టరనీ, వయసు నలభై ఒకటనీ రాశాడు. నిజానికి అతను బారిస్టరు, బడిలో మాస్టారు, వయసు 31. ఆస్ట్రోగ్ ఆ నెలల్లో ఫ్రాన్సులో జైల్లో ఉన్నాడని తర్వాత తేలింది. కోస్మిన్‌స్కీ పేరును ఇన్‌స్పెక్టర్ స్వాన్సన్ కూడా ఒక పుస్తకం అంచుల్లో రాసుకున్నాడు. అతను పిచ్చాసుపత్రికి వెళ్లిన కొద్ది కాలానికే చనిపోయాడని కూడా రాశాడు. ఆరన్ కోస్మిన్‌స్కీ 1919 దాకా బతికే ఉన్నాడు. ఇలాంటి కాగితాల మీద మామూలు కోర్టులో ఛార్జిషీటు కూడా నిలవదు. మరి వేదిక మీద తీర్పు ఎలా నిలుస్తుంది?

2014లో ఒక శాలువా మీది డీఎన్ఏ పేరుతో కోస్మిన్‌స్కీనే మళ్లీ ముందుకు తెచ్చారు. 2019లో శాస్త్ర పత్రికలో వ్యాసం కూడా వచ్చింది. ఆ శాలువా హత్యాస్థలంలో ఉన్నట్టు నాటి పోలీసు జాబితాలో ఎక్కడా లేదు. ఎన్ని చేతులు మారిందో తెలియని గుడ్డ మీది ఆధారాన్ని ఏ డిఫెన్సు లాయరైనా మొదటి ప్రశ్నతోనే పక్కన పెట్టిస్తాడు. విక్టోరియా మనవడు ప్రిన్స్ ఆల్బర్ట్ విక్టర్, రాజవైద్యుడు సర్ విలియం గల్, చిత్రకారుడు వాల్టర్ సికర్ట్ పేర్లను నేను ఇంతకంటే చర్చించను. అవి పుస్తకాలు అమ్ముకోవడానికి పుట్టిన పేర్లు.

అలాగని రిప్పర్ కేసులో వేదికకు పనికొచ్చేది లేదనను. ఉంది, కాకపోతే అది ముద్దాయి బోనులో కాదు, కరోనర్ కోర్టులో ఉంది. ఆనీ చాప్‌మన్ విషయమే తీసుకోండి. 1888 సెప్టెంబరు 8 తెల్లవారు జామున హాన్‌బరీ వీధి 29వ నంబరు ఇంటి పెరట్లో, ఆరు గంటలు కావస్తుండగా ఆమె శవం కనిపించింది. ఆరున్నరకు వచ్చిన డాక్టర్ ఫిలిప్స్, చనిపోయి కనీసం రెండు గంటలైందని చెప్పాడు. అంటే నాలుగున్నర లోపు. కానీ జాన్ రిచర్డ్‌సన్ అనే అతను పావుతక్కువ ఐదుకు అదే పెరటి మెట్ల మీద కూర్చుని, కాలికి గుచ్చుకుంటున్న బూటు తోలు కోసుకున్నాడు. అతనికి శవం కనపడలేదు. పక్కింటి ఆల్బర్ట్ కాడోష్ ఐదుంబావు దాటాక కంచె అవతల ఎవరో వద్దు అనడమూ, కాసేపటికి కంచెకు ఏదో తగిలిన చప్పుడూ విన్నాడు. ఎలిజబెత్ లాంగ్ ఐదున్నరకు ఆ ఇంటి ముందు చాప్‌మన్‌ను ఒక మగమనిషితో చూశానంది. బీరు బట్టీ గడియారం అప్పుడే కొట్టిందని టైము కూడా చెప్పింది. కాడోష్ మాట నిజమైతే ఆమె మాట కుదరదు. డాక్టరు మాట నిజమైతే ముగ్గురి మాటా కుదరదు. తెల్లవారు జాము చల్లదనానికి తన అంచనా కొంత తప్పి ఉండవచ్చని డాక్టరే ఒప్పుకున్నాడు. ఈ నలుగురినీ వరసగా నిలబెట్టి క్రాస్ ఎగ్జామిన్ చేయిస్తే చాలు. హంతకుడి పేరు ఊసే లేకుండా రెండు గంటల నాటకం నడుస్తుంది. సాక్ష్యమంటే ఏమిటో ప్రేక్షకుడికి అర్థమవుతుంది.

మైటర్ స్క్వేర్‌లో జరిగిన కేథరిన్ ఎడోస్ హత్య సంగతీ అంతే. సెప్టెంబరు 30 రాత్రి ఒంటిగంటన్నర దాటాక జోసెఫ్ లావెండే ఇద్దరు మిత్రులతో క్లబ్బులోంచి బయటికొస్తూ, ఒక స్త్రీ మగవాడి ఛాతీ మీద చెయ్యి వేసి నిలబడి ఉండటం చూశాడు. ఆమె వీపు ఇటువైపు ఉంది. 1.45కు కానిస్టేబుల్ వాట్కిన్స్‌కు ఎడోస్ శవం కనిపించింది. లావెండే ఆమె ముఖం చూడలేదు. బట్టలు చూసి గుర్తుపట్టాడు. ఆ మగవాణ్ని మళ్లీ చూస్తే గుర్తుపట్టగలనని అనుకోవడం లేదని కరోనర్ ముందు తేల్చి చెప్పాడు. రిప్పర్ విచారణ పెట్టేవాళ్లు ఈ చివరి మాట వదిలేసి లావెండేను ప్రత్యక్ష సాక్షిగా నిలబెట్టడం ప్రేక్షకుణ్ని మోసగించడమే.

ముద్దాయి దొరికిన కేసుల దగ్గరికి వస్తే లెక్క మారుతుంది. నేను చూసినంతలో ఈ తరహా ప్రదర్శనల్లో మంచి నమూనా 2018 ఫిబ్రవరిలో డండీలో జరిగింది. విలియం బరీ అనేవాడు తూర్పు లండన్ నుంచి 1889 జనవరిలో భార్య ఎల్లెన్‌తో స్కాట్లండ్‌లోని ఆ ఊరు చేరాడు. ఫిబ్రవరి 10న పోలీస్ స్టేషనుకు తానే వెళ్లి, భార్య ఉరి బిగించుకుని చనిపోయిందన్నాడు. శవం ఇంట్లో పెట్టెలో దొరికింది, పొట్ట మీద కత్తి గాట్లున్నాయి. ప్రాసిక్యూషన్ డాక్టర్లు వెనకనుంచి ఎవరో మెడకు తాడు బిగించారన్నారు. డిఫెన్సు డాక్టరు తనే బిగించుకుందన్నాడు. జ్యూరీ మొదట దోషి అంటూనే దయ చూపమని సిఫారసు చేసింది. ఎందుకని జడ్జి అడిగితే, వైద్య సాక్ష్యం పొసగలేదన్నారు. జడ్జి వెనక్కి పంపాడు. నిమిషాల్లో తిరిగొచ్చి మళ్లీ దోషి అన్నారు. ఏప్రిల్ 24న ఉరి తీశారు. డండీలో ఉరి తీసిన ఆఖరి మనిషి అతనే.

డండీ విశ్వవిద్యాలయ ఫోరెన్సిక్ కేంద్రం అదే ఊళ్లోని షెరిఫ్ కోర్టులో, నిజమైన హైకోర్టు జడ్జి ముందు, న్యాయ విద్యార్థులు లాయర్లుగా, నేటి నిపుణులు సాక్షులుగా, ఊరివాళ్లు జ్యూరీగా ఈ కేసును మళ్లీ నడిపించింది. బరీయే రిప్పర్ అన్న ప్రచారం అప్పటికే బోలెడుంది. విచారణలో దాని జోలికి పోలేదు. ఎల్లెన్‌ను చంపాడా లేదా, అది ఆ సాక్ష్యంతో రుజువైందా అన్న ఒక్క ప్రశ్నే అడిగారు. జ్యూరీ అతణ్ని విడిచిపెట్టింది. ఉరికి ముందు తానే ఎల్లెన్‌ను చంపానని బరీ రాసిచ్చి పోయాడు. అలాగని 2018 జ్యూరీ తప్పు చేసిందనలేం. వాళ్ల ముందున్న సాక్ష్యం సరిపోలేదు. వాళ్లను అడిగింది అంతవరకే.

ఇంతకంటే లోతైన కేసు లివర్‌పూల్‌ది. పత్తి వ్యాపారి జేమ్స్ మేబ్రిక్ 1889 మే 11న చనిపోయాడు. అతని అమెరికన్ భార్య ఫ్లోరెన్స్ విషం పెట్టి చంపిందని కేసు. ఈగలు చంపే కాగితాలు గదిలో నీళ్లలో నానబెట్టి ఉండటం పనివాళ్లు చూశారు. ఆ కాగితాల్లో పాషాణం ఉంటుంది. ప్రియుడికి ఆమె రాసిన ఉత్తరాన్ని పోస్టు చేయమని ఇస్తే, బురదలో పడిందన్న వంకతో ఆయా విప్పి చదివి యజమాని బంధువులకు అందించింది. మాంసరసం సీసాలో పాషాణం దొరికింది. దాన్ని ఫ్లోరెన్స్ పక్క గదికి తీసుకెళ్లి తేవడం నర్సు చూసింది. ఇంత ఉన్నా శవంలో దొరికిన పాషాణం అర గ్రెయిను కంటే తక్కువ. పైగా మేబ్రిక్‌కు ఏళ్ల తరబడి పాషాణం టానిక్కులా మింగే అలవాటుంది. గైస్ ఆసుపత్రి రసాయన నిపుణుడు థామస్ స్టీవెన్‌సన్ విషంతోనే చనిపోయాడన్నాడు. డిఫెన్సు డాక్టర్లు కాదు, జీర్ణాశయ వ్యాధి అన్నారు.

నాటి చట్టం ప్రకారం ముద్దాయి ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పకూడదు. ఆ హక్కు 1898లో వచ్చింది. ఫ్లోరెన్స్ బోనులో నిలబడి ఒక ప్రకటన మాత్రం చేసింది. కాగితాలు ముఖానికి రాసుకునే లేపనం కోసమంది. సీసాలో పొడి కలిపింది భర్త బతిమాలితేనని చెప్పింది. లాయరు ప్రశ్నల ఆసరా లేకుండా, ఎవరూ క్రాస్ ఎగ్జామిన్ చేయకుండా చెప్పిన ఆ మాటలు ఆమెకు మేలు కంటే కీడే చేశాయి. ఈ కేసు ఆడేవాళ్లు ఆమెను సాక్షి బోనెక్కించి, ప్రాసిక్యూటర్ చేత ఏడిపించకూడదు. సాక్ష్యం చెప్పలేని ఆ స్థితిలోనే ఆ కాలం కనిపిస్తుంది.

ఈ కేసు జడ్జి సర్ జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్. తెలుగు పాఠకులకు ఈ పేరు కొత్త కావచ్చు, ఆయన చేతిపని మాత్రం కొత్త కాదు. 1869 నుంచి 1872 వరకు వైస్రాయి కౌన్సిల్లో న్యాయ సభ్యుడిగా ఉండి భారత సాక్ష్య చట్టాన్ని రాసింది ఆయనే. 2024 జులై 1న భారతీయ సాక్ష్య అధినియం అమల్లోకి వచ్చేదాకా విశాఖలోనూ వరంగల్లోనూ ప్రతి మేజిస్ట్రేటు కోర్టు ఆయన వాక్యాల మీదే నడిచింది. ఆ చట్టం మూడో సెక్షనులో ఆయన మూడు స్థితులు విడదీసి నిర్వచించాడు: రుజువైనది, అబద్ధమని తేలినది, ఈ రెండూ కానిది అంటే రుజువు కానిది. అంత స్పష్టంగా ఆలోచించిన మనిషి లివర్‌పూల్లో రెండు రోజులపాటు జ్యూరీకి కేసు వివరిస్తూ, పాషాణం లెక్క కంటే ఆమె వ్యభిచారం మీదే పట్టుబట్టాడు. అప్పటికే ఆయనకు ఒకసారి పక్షవాతం వచ్చింది. 1891లో పదవి వదులుకున్నాడు. జ్యూరీ గంటైనా తీసుకోకుండా దోషి అంది, ఉరిశిక్ష పడింది. బయట జనం జడ్జి బండిని చూసి కేకలు పెట్టారు.

తర్వాత జరిగింది ఇంకా దారుణం. అప్పటికి ఇంగ్లండులో క్రిమినల్ అప్పీలు కోర్టు లేదు. అది 1907లో వచ్చిన చట్టంతో ఏర్పడింది. హోం మంత్రి హెన్రీ మాథ్యూస్ శిక్షను యావజ్జీవానికి తగ్గిస్తూ, చంపే ఉద్దేశంతో ఆమె విషం ఇచ్చిన మాట స్పష్టమే గానీ భర్త చావుకు పాషాణమే కారణమా అన్నది సందేహమన్నాడు. హత్యాయత్నం అభియోగంపై ఆమెను ఎవరూ విచారించలేదు. విచారించని నేరానికి 1904 దాకా జైల్లో ఉంది. విడుదలయ్యాక అమెరికా వెళ్లి 1941లో కన్నుమూసింది. విచారణ జరిగిన సెయింట్ జార్జెస్ హాల్‌లోని కోర్టు గదిని లివర్‌పూల్ ఇప్పటికీ కాపాడుకుంటోంది. ఇలాంటి గది ఊళ్లోనే ఉండగా రిప్పర్ కోసం పొగమంచు యంత్రం అద్దెకు తెచ్చుకోవడం ఎందుకో నాకు బోధపడదు.

1886 నాటి పిమ్లికో కేసు కూడా వేదికకు చక్కగా కుదురుతుంది. కిరాణా వ్యాపారి ఎడ్విన్ బార్ట్‌లెట్ కడుపులో ద్రవ క్లోరోఫాం దొరికింది, గొంతులో మాత్రం అది మింగినప్పుడు కాలిన గుర్తులు లేవు. భార్య అడిలైడ్ కోరితే ఆ మందు కొన్నది పాదిరి డైసన్. మొదట ముద్దాయిగా ఉన్నవాడు కాస్తా ప్రాసిక్యూషన్ సాక్షి అయ్యాడు. అనుమానం గట్టిగానే ఉంది, కానీ ఎవరు, ఎలా ఇచ్చారన్నదానికి సాక్ష్యం చాలదని జ్యూరీ విడిచిపెట్టింది. ఆమెను శిక్షించాలని వాదించిన సర్ చార్లెస్ రస్సెలే మూడేళ్ల తర్వాత ఫ్లోరెన్స్ మేబ్రిక్ తరఫున నిలబడ్డాడు. 1876 నాటి బాల్హం కేసు మాత్రం కష్టం. బారిస్టర్ చార్లెస్ బ్రావో యాంటిమొనీ విషంతో చనిపోయాడు. రెండో కరోనర్ విచారణ 23 రోజులు సాగి, హత్యేనని తేల్చి, ఎవరు చేశారో చెప్పేంత సాక్ష్యం లేదంది. అక్కడ ఎవరిమీదా ఛార్జి లేదు. భార్యను గానీ ఆమె సహచరి మిసెస్ కాక్స్‌ను గానీ బోనెక్కిస్తే, నాడు కరోనర్ చేయనిది మనం చేసినట్టే.

హతుల సంగతి విడిగా చెప్పాలి. రిప్పర్ నాటకాల్లో ఆ ఐదుగురు స్త్రీలు శవాలుగానే వస్తారు. హాలీ రూబెన్‌హోల్డ్ 2019లో వెలువరించిన పుస్తకం ఈ లోటును గట్టిగా చూపింది. ఐదుగురూ వేశ్యలే అన్న మాటకు ముగ్గురి విషయంలో ఆధారమే లేదని ఆమె వాదించారు. మేరీ ఆన్ నికోల్స్ ప్రింటరు భార్య, ఐదుగురు బిడ్డల తల్లి. ఆ రాత్రి పడకకు కావలసిన నాలుగు పెన్నీలు లేక వసతి గృహం నుంచి బయటికి పంపేస్తే వీధిలో పడింది. హంతకుడి కత్తి కంటే ఆ నాలుగు పెన్నీలను కోర్టులో ఎగ్జిబిటుగా పెట్టడం న్యాయం. అబద్ధపు ఆరోపణకు గురైనవాళ్ల పట్లా బాధ్యత చూపాలి. జాన్ పైజర్ అనే యూదు చెప్పులు కుట్టేవాణ్ని 1888 సెప్టెంబరు 10న పట్టుకున్నారు. జనంలో యూదుల మీద ద్వేషం రగిలింది. రెండ్రోజుల తర్వాత కరోనర్ ముందు అతను నిర్దోషి అని తేలింది. అతని కథ ఏ వేదిక మీదా సరిగ్గా రాదు.

మన దేశంలో జ్యూరీ విచారణలు కనుమరుగై అర్ధ శతాబ్దమైంది. అయినా మన న్యాయ కళాశాలల్లో మూట్ కోర్టులు ఏటా జరుగుతాయి. రాయలవారి కొలువును భువనవిజయం పేరుతో వేదిక మీద నిలిపి, పండితులే అష్టదిగ్గజాలుగా కూర్చుని వాదించుకునే రూపకం ఊరూరా, అమెరికా తెలుగు సభల్లోనూ మనకు అలవాటే. ఈ రెంటినీ కలిపి మేబ్రిక్ కేసు ఆడగలిగేవాళ్లు మనలో ఉన్నారు. స్టీఫెన్‌ను జడ్జిగా కూర్చోబెట్టి, ఆయన రాసిన మూడు నిర్వచనాలనే మూడు చీటీలుగా ప్రేక్షకుల చేతికివ్వండి. నాడు ఇంగ్లండు జ్యూరీలో పన్నెండు మందీ మగవాళ్లే. మహిళలకు చోటు 1919 చట్టం తర్వాతే వచ్చింది. ఆడవాళ్ల చీటీలు, మగవాళ్ల చీటీలు విడిగా లెక్కపెట్టి రెండూ ప్రకటించండి.

దయచేసి హంతకుడెవరో చెబుతామని పోస్టరు వేయకండి. లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టులో 1674 నుంచి 1913 దాకా అచ్చయిన విచారణల పాఠం ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. అడిలైడ్ బార్ట్‌లెట్ కేసు 1886 ఏప్రిల్ విచారణల్లో ఉంది. స్క్రిప్టు మొదలుపెట్టే ముందు అది చదవండి.